స్క్రైబ్, అదనపు గంట, ఒక ఇన్వర్డ్ నంబరు

డిగ్రీ సెమిస్టర్ పరీక్షల టైంటేబుల్ వచ్చిందంటే మా ఇంట్లో చదువు కన్నా ముందు ఇంకో టెన్షన్ మొదలయ్యేది. మా తమ్ముడు బీకాం చదువుతున్నాడు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు వల్ల వాడికి చూపు చాలా తక్కువ, ప్రింటు చదవలేడు. వైకల్యం శాతం తెలిపే సదరం సర్టిఫికెట్ ఉంది, వైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు ఉంది. పాఠాలు విని నేర్చుకుంటాడు, పరీక్ష స్క్రైబ్‌తో, అంటే తను చెప్పింది రాసిపెట్టే మనిషితో, రాయిస్తాడు. దానికి కాలేజీలో ఎవరూ కాదనలేదు. గొడవ వచ్చింది అదనపు సమయం దగ్గర, ఆ స్క్రైబ్ ఎవరై ఉండాలి అన్న దగ్గర. ఇలాంటి ఇబ్బందిలోనే ఉన్న తల్లిదండ్రులు కొందరు ఫోన్ చేసి అడుగుతున్నారు కాబట్టి అదెలా తెగిందో రాస్తున్నాను.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉండేవి (2025 ఆగస్టులో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి). వాటి ప్రకారం వైకల్యం 40 శాతం, ఆపైన ఉండి స్క్రైబ్‌తో రాసేవాళ్ళకు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాల్సి ఉండేది. అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. స్క్రైబ్‌ను కాలేజీ ఇచ్చినా సరే, విద్యార్థే తెచ్చుకున్నా సరే అని ఉండేది. సొంతంగా తెచ్చుకుంటే, రాసే పరీక్ష కన్నా ఒక మెట్టు తక్కువ చదివినవాళ్ళు అయ్యుండాలని ఉండేది. అంటే డిగ్రీ పరీక్షకు ఇంటర్ స్థాయి వాళ్ళు సరిపోయేవాళ్ళు.

కాలేజీలో పరీక్షలు చూసే సారు మాత్రం, "అరగంట ఇస్తాంలేమ్మా, సర్దుకోండి. స్క్రైబ్‌గా పదో తరగతి పిల్లాణ్ణే తెచ్చుకోండి, ఇంటర్ వాళ్ళయితే తనిఖీ స్క్వాడ్ వచ్చినప్పుడు మాకు ఇబ్బంది" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని మెట్లెక్కించిన మనిషే. కానీ అకౌంటెన్సీ పేపరు స్క్రైబ్‌తో రాయించడం ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ పక్కన కూర్చుని చూడలేదు.

నేను చూశాను. ఇంట్లో ప్రాక్టీసు చేసేటప్పుడు తమ్ముడు చెబుతుంటాడు: "ఎడమవైపు తేదీ వెయ్. పక్కన పర్టిక్యులర్స్. ఎల్.ఎఫ్. గడి ఖాళీగా వదిలెయ్. డెబిట్ గడిలో నలభై అయిదు వేలు. కింద లైన్లో కొంచెం లోపలికి జరిపి మొదలుపెట్టు, ఈసారి అంకె క్రెడిట్ గడిలో." రాసేవాళ్ళు ఒక్క అంకె పక్క గడిలో వేస్తే, డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిచూసే ట్రయల్ బ్యాలెన్స్ కలవదు. కలవలేదని తెలిశాక తప్పు ఎక్కడుందో కంటితో వెతుక్కునే వీలు వాడికి లేదు. పేజీ మొత్తం మళ్ళీ చదివించుకోవాలి. లెక్క మనసులో పెట్టుకుని, వింటూ, సరిచేయించాలి. ఆ గంట పోయేది అక్కడే. దాన్ని "ఎక్స్‌ట్రా" అనడమే నాకు నచ్చదు.

"మిగతా పిల్లలకు అన్యాయం కదా" అని స్టాఫ్ రూంలో ఒకరన్నారు. మిగతా పిల్లలు ప్రశ్నపత్రం ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు తిరగేసుకుంటారు, జవాబు మీద ఒకసారి కన్నేస్తే తప్పు కనబడుతుంది. వాడికి ప్రతి చూపూ ఇంకొకరి నోటి నుంచే రావాలి. అన్యాయం ఎవరికో వాళ్ళే చెప్పాలి.

నేను తహసీల్దారు ఆఫీసులో తపాల్ సెక్షన్‌లో పనిచేస్తాను. వచ్చినట్టు రిజిస్టర్‌లో ఎక్కించి వేసే ఇన్వర్డ్ నంబరు పడని కాగితాన్ని ఎవరూ పట్టించుకోరని రోజూ చూస్తుంటాను. అందుకే ప్రిన్సిపాల్ గారికి ఒక పేజీ లెటర్ రాశాం. సంతకం తమ్ముడిదే. వాడికి ఏం కావాలో, ఎందుకు కావాలో, ఏ మార్గదర్శకాల ప్రకారం అడుగుతున్నాడో రాసి, ఒకవేళ ఇవ్వలేకపోతే కారణం రాతపూర్వకంగా తెలపమని చివర్లో అడిగాం. సర్టిఫికెట్ నకలు, మార్గదర్శకాల ప్రింటు జతచేశాం. కాపీ యూనివర్సిటీ పరీక్షల కంట్రోలర్‌కు. "నోటితో చెప్పారుగా, లెటరెందుకు?" అన్నారు ఆఫీసులో. డూప్లికేట్ మీద స్టాంపు, నంబరు, తేదీ పడేదాకా కౌంటర్ దగ్గరే నిలబడ్డాను.

తర్వాత ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. ఆయన వేసిన ఒక్క ప్రశ్నతో సగం గొడవ పోయింది. పరీక్షల సారు వైపు తిరిగి, "మీకు అసలు అడ్డొస్తున్నదేంటి?" అని అడిగారు. అప్పుడు బయటికొచ్చింది. పన్నెండింటికి పరీక్ష అయిపోగానే ఆన్సర్ స్క్రిప్టులు లెక్కపెట్టి బండిల్ కట్టి సీలు వెయ్యాలి. ఒక్క స్క్రిప్టు కోసం బండిల్ ఆపితే ఎవరు జవాబుదారీ? పైగా అదే గదిలో రెండింటికి ఇంకో పరీక్ష, భోజనం మానేసి కూర్చునే ఇన్విజిలేటర్ లేరు. అరగంటే ఇస్తామనడం వెనక ఉన్నవి ఇవీ. ప్రిన్సిపాల్ గారు యూనివర్సిటీకి ఫోన్ చేసి, ఈ స్క్రిప్టును విడిగా కవర్లో సీలు వేసి పంపడానికి ఒప్పించారు. కింది అంతస్తులో చిన్న గది ఇచ్చారు. ఆఖరి గంటకు వేరే లెక్చరర్ డ్యూటీ వేశారు. వేరే గది ఎలాగూ కావాలి, ప్రశ్నలు పైకి చదవాలి కదా. పరీక్షకు రెండు రోజుల ముందే స్క్రైబ్‌ను కలిసి సరిపోతారో లేదో చూసుకునే వీలు ఉండాలని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. అదీ ఒప్పుకున్నారు. ఇదంతా ఆ లెటర్ మీదే రాసి ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టారు.

అక్కడ తెగకపోతే ఏం చెయ్యాలో కూడా చూసుకునే వెళ్ళాం. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీ విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ పెట్టాలి. వైకల్యం ఉన్న విద్యార్థుల పట్ల వివక్ష మీద వచ్చే ఫిర్యాదులూ దాని పరిధిలోకి వస్తాయి. కమిటీ వీలైనంతవరకు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. నచ్చకపోతే యూనివర్సిటీలో ఫిర్యాదులు వినే అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు, అక్కడ 30 రోజులు. అది కాక 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద రాష్ట్ర కమిషనర్ ఉన్నారు. విచారణలో ఆయనకు సివిల్ కోర్టుకుండే అధికారాలు కొన్ని ఉంటాయి.

ఇవన్నీ మంచివే, కానీ రోజులు కూడి చూడండి. టైంటేబుల్ వచ్చాక మొదలుపెడితే పరీక్షలు అయిపోతాయి. 2021లో నీట్ రాసిన అవని ప్రకాశ్ అనే అమ్మాయికి డిస్‌గ్రాఫియా, అంటే చేత్తో రాయడం కష్టమయ్యే సమస్య. రావాల్సిన అదనపు గంట ఇవ్వకుండా పేపరు లాగేసుకున్నారు. సుప్రీంకోర్టు ఆ అమ్మాయికి అన్యాయం జరిగిందని ఒప్పుకుంది, దాన్ని ఎలా సరిదిద్దాలో చూడమని పరీక్ష పెట్టిన సంస్థను ఆదేశించింది. పరీక్ష మాత్రం మళ్ళీ పెట్టించలేదు. ఆ తీర్పు చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. అందుకే అడిగినవాళ్ళందరికీ పరీక్ష ఫీజు కట్టే రోజే లెటర్ ఇచ్చెయ్యమంటున్నాను.

సర్టిఫికెట్‌లో 40 శాతం లేదని వెనక్కి పంపితే కూడా ఊరుకోవద్దు. చెయ్యి బిగుసుకుపోయి రాయలేని వికాశ్ కుమార్‌కు యూపీఎస్సీ స్క్రైబ్‌ను ఇవ్వనంటే, స్క్రైబ్‌కు ఆ 40 శాతం షరతు కాదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. రాయడంలో ఇబ్బంది ఉన్న అలాంటివాళ్ళ కోసం 2022 ఆగస్టు 10న విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. వాటి ప్రకారం డాక్టరు సర్టిఫికెట్ నిర్ణీత నమూనాలో ఉండాల్సి వచ్చేది. 2025 ఆగస్టు కొత్త మార్గదర్శకాలు వీటి స్థానంలోనూ వచ్చాయి.

ఇప్పుడు తమ్ముడు ఇంకో మాట అంటున్నాడు. "అక్కా, థియరీ పేపర్లు నేనే కంప్యూటర్ మీద టైప్ చేస్తాను, ఎన్‌వీడీఏ ఉంటే చాలు." అది ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్, వాడు ఇంట్లో రోజూ వాడేదే. కంప్యూటర్‌పై రాసే వీలు, ముందురోజే దాన్ని సరిచూసుకునే వీలు 2018 మార్గదర్శకాల్లో ఉన్నాయి. ప్రశ్నపత్రం సాఫ్ట్ కాపీ ఎవరు, ఎప్పుడు ఇస్తారన్నది మాత్రం కాలేజీ, యూనివర్సిటీ కలిసి తేల్చాలి. లెటర్ ఈసారి వాడే టైప్ చేశాడు. వచ్చే సెమిస్టర్ ఫీజు నోటీసు ఇంకా రాలేదు, లెటర్‌కు ఇన్వర్డ్ నంబరు మాత్రం పడింది.