నీలం మూతల పిట్ట, ఆకుల కుప్ప కోడి

దసరా సెలవులకి బ్రిస్బేన్‌లో అక్కావాళ్ళింటికి వెళ్తే, బావ "బీచ్‌లు తర్వాత చూద్దువుగాని, ముందు అడవికి పద" అని లామింగ్టన్ నేషనల్ పార్క్‌కి తీసుకెళ్ళాడు. కనంగ్రా అనే ఊరు దాటాక ఘాట్ రోడ్డు, కొన్నిచోట్ల ఒక్క కారే పడుతుంది, ఆ మలుపుల గురించి ఇంకేం చెప్పను, కడుపులో తిప్పుతుంది.

అక్కడ సాటిన్ బవర్‌బర్డ్ అని ఒక పిట్ట ఉంది. మగది నల్లగా కనిపిస్తుంది గానీ ఎండ పడితే నీలంగా మెరుస్తుంది, ఆ రంగు రావడానికి ఏడేళ్ళు పడుతుందట, అప్పటిదాకా ఆడదానిలాగే ఆకుపచ్చగానే ఉంటుంది. పొదల కింద సన్నటి పుల్లలు నేలలో గుచ్చి ఎదురెదురుగా రెండు గోడలు కట్టింది, మధ్యలో పిట్ట పట్టేంత దారి, ముందు వాకిట్లో బాటిల్ మూతలు, స్ట్రా ముక్కలు, ఒక బట్టల క్లిప్పు, చిలక ఈకలు, అన్నీ నీలమే! ఆకులూ అవీ నమిలి ఆ ఉమ్ముతో లోపలి గోడలకి రంగు కూడా పూస్తుంది. పక్క మగవాడి వాకిట్లోంచి మూతలు ఎత్తుకొచ్చే దొంగతనం కూడా ఉందట.

ఇంతా చేసి అది గూడు కాదు. ఆడది వచ్చి చూసి, నచ్చితే జత కట్టి వెళ్ళిపోతుంది, ఎక్కడో చెట్టు మీద తనే గూడు కట్టుకుని, తనే పొదిగి, పిల్లల్ని తనే పెంచుకుంటుంది. "అంటే హాల్ డెకరేషన్ ఆయనది, మిగతాదంతా ఈవిడది" అంది అక్క. బావ వినపడనట్టు కెమెరా సర్దుకున్నాడు.

ఆయన మొహం వెలిగింది మాత్రం బ్రష్ టర్కీ అనే కోడిలాంటి పక్షిని చూశాకే. నల్లటి ఒళ్ళు, ఎర్రటి బోడి తల, మెడకి పసుపుపచ్చ తిత్తి. మగది వెనక్కి తిరిగి కాళ్ళతో ఆకులన్నీ తన్నుకుంటూ పెద్ద కుప్ప వేస్తోంది, ఇవి నాలుగు మీటర్ల వెడల్పు దాకా వేస్తాయట. మన ఊళ్ళో పెంటకుప్ప లోపల కాగినట్టే ఇదీ కుళ్ళుతూ వేడెక్కుతుంది, ఆడవి వచ్చి అందులో గుడ్లు పెట్టి పోతాయి, ఆ వేడికే పొదుగుతాయి. మగది ముక్కు లోపలికి దూర్చి వేడి చూసుకుంటుంది, 33 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండేలా ఆకులు వేస్తూ తీస్తూ ఉంటుంది. "చూశావా మగాడి కష్టం" అన్నాడు బావ. దాదాపు ఏడు వారాలకి పిల్ల తనే తవ్వుకుని బయటికొస్తే మాత్రం తల్లీ పట్టించుకోదు, తండ్రీ పట్టించుకోడు. కొన్ని గంటల్లోనే ఎగరగలదు కూడా!

సిటీలోనూ ఉన్నాయివి. అక్కావాళ్ళ పక్కింట్లో మొక్కల మొదళ్ళలో కొత్తగా పరిచిన మల్చ్ (చెక్కపొట్టు, ఎండాకులు) అంతా ఒక మగ టర్కీ కంచె మూలకి లాగి కుప్పేసుకుంది, చట్టప్రకారం వాటికి రక్షణ ఉంది కాబట్టి హాని చెయ్యడానికి లేదు, పాపం వాళ్ళు బట్టలు ఇంకో వైపు ఆరేసుకుంటున్నారు.