ఆగమన కాలం: గులాబీ కొవ్వొత్తి మూడో వారానిది

డిసెంబర్ మొదటి వారానికే హైదరాబాద్‌లో సెమీ క్రిస్మస్ హడావుడి మొదలవుతుంది. ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్లలో, చర్చిల్లో కూడా కేకు కోసేస్తారు. అసలు పండగ నాటికి సగం ఉత్సాహం ఖర్చయిపోయి ఉంటుంది. చర్చి క్యాలెండరులో మాత్రం అవి పండగ రోజులు కావు, ఆగమన కాలం. అంటే ఎదురుచూసే రోజులు.

అది ఎప్పుడు మొదలవుతుందో లెక్క తేలికే. డిసెంబర్ 25కు ముందున్న నాలుగు ఆదివారాలు వెనక్కి లెక్కపెట్టాలి. 25వ తేదీయే ఆదివారమైతే దాన్ని కలపకూడదు. అలా మొదటి ఆదివారం ఎప్పుడూ నవంబర్ 27కు, డిసెంబర్ 3కు మధ్యలోనే పడుతుంది. 2026లో నవంబర్ 29, 2027లో నవంబర్ 28. 2028లో డిసెంబర్ 3 కాబట్టి నాలుగో ఆదివారం సరిగ్గా 24న వస్తుంది. ఆదివారానికొకటి చొప్పున వెలిగించే కొవ్వొత్తుల్లో నాలుగోది పొద్దున, రాత్రికి క్రిస్మస్ పూజ. ఆ ఏడాది అలంకరణ బాధ్యత తీసుకునేవాళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

ఎదురుచూపు దేనికోసం అంటే చాలామంది యేసు పుట్టిన పశువుల పాక అంటారు. అది సగమే. మొదటి ఆదివారం సువార్తలో బెత్లెహేము ఊసే ఉండదు. కతోలిక పఠనాల్లో ఆ రోజు వినిపించేది రెండో రాకడ, అంటే యేసు మళ్లీ రావడం, మెలకువగా ఉండమన్న హెచ్చరిక. రెండు, మూడు ఆదివారాలు స్నాపక యోహానువి. డిసెంబర్ 17 నుంచే ధ్యాస పూర్తిగా యేసు పుట్టుక వైపు తిరుగుతుంది. 17 నుంచి 23 వరకు సాయంత్ర ప్రార్థనలో రోజుకొక పేరుతో మెస్సీయాను, అంటే రానున్న రక్షకుణ్ని పిలుస్తారు: జ్ఞానమా, ప్రభువా, యెష్షయి వేరా, దావీదు తాళపుచెవీ, అరుణోదయమా, జనముల రాజా, చివరిగా ఇమ్మానుయేలూ. సెమీ క్రిస్మస్ తప్పదనుకునే సంఘాలు దాన్ని ఈ వారంలో పెట్టుకుంటే క్యాలెండరుతో పేచీ ఉండదని నా అభిప్రాయం. డిసెంబర్ 5న శాంతాక్లాజ్‌ను దించడం మాత్రం మరీ తొందర.

ఈ కాలానికి రంగు ఊదా. పూజలో ఆదివారం గ్లోరియా అనే మహిమ గీతం పాడరు, బలిపీఠం మీద పువ్వులు తగ్గిస్తారు. అలాగని ఇది ఈస్టరుకు ముందొచ్చే తపస్సు కాలం లాంటిది కాదు, అప్పుడు మానేసే అల్లెలూయ ఇప్పుడు పాడతారు. సికింద్రాబాద్‌లోని మలయాళీ ఆర్థడాక్స్ కుటుంబాలు డిసెంబర్ 1 నుంచి ఇరవై అయిదు రోజులు మాంసం మానేసి ఉపవాసం ఉంటాయి. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో ఆగమన కాలాన్ని సాధారణంగా పాటించరు.

ఇక ఆకుల వలయం, కొవ్వొత్తులు. హాంబర్గ్‌లో పేద పిల్లల ఆశ్రమం నడిపిన యోహాన్ విఖెర్న్ అనే లూథరన్ పాస్టరు 1839లో ఒక బండి చక్రం మీద ఆదివారాలకు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్న ఎర్రవి పెట్టి, క్రిస్మస్ ఎప్పుడని రోజూ అడిగే పిల్లలకు రోజులు లెక్క చూపించాడు. ఇప్పుడు మిగిలింది ఆదివారపు నాలుగే. ప్రతి ఆదివారం పాతవాటితో పాటు కొత్తది ఒకటి వెలిగిస్తారు. మూడు ఊదావి, ఒకటి గులాబీది. ఇవి కాక మధ్యలో క్రిస్మస్ కోసం ఒక తెల్లది.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. గులాబీది విడిగా కనిపిస్తుంది కాబట్టి చివరికి ఉంచుతారు. అది మూడో ఆదివారానిది. ఆ రోజు పూజ "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అన్న ఫిలిప్పీయుల 4:4 మాటతో మొదలవుతుంది, పూజ జరిపే గురువు కూడా గులాబీ వస్త్రం వేసుకోవచ్చు. నాలుగో వారం మళ్లీ ఊదానే. కొన్ని సంఘాల్లో నాలుగూ ఒకే రంగువి పెట్టి నిరీక్షణ, సమాధానం, ఆనందం, ప్రేమ అని పేర్లు పెడతారు. అక్కడ ఈ చిక్కు లేదు.

ఇంట్లో చేసుకోవాలంటే పద్నాలుగు అంగుళాల వెడల్పున మందపాటి ఇనుప తీగను గుండ్రంగా వంచి, రెండు వరుసలు వేసి కట్టండి. ఒక్క వరుసైతే ఆకుల బరువుకు వంగుతుంది. కింద వెడల్పాటి ఇత్తడి పళ్లెం, అందులో అంగుళం ఎత్తున తడి ఇసుక. కొవ్వొత్తులను ఇసుకలోనే గుచ్చాలి, తీగకు కట్టకూడదు. ఆకులకు సరుగుడు కొమ్మలు చూడ్డానికి బాగుంటాయి కానీ వారానికే ఎండి రాలతాయి, నిప్పురవ్వ పడితే భగ్గుమంటాయి. అశోక ఆకు మేలు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో పచ్చాకు దొరుకుతుంది. ఏదైనా సరే శనివారం సాయంత్రం మార్చేయాలి. మామిడాకు అయిదో రోజుకే ముడుచుకుంటుంది.

కొవ్వొత్తి అంగుళం మందం, ఎనిమిది అంగుళాల పొడవు ఉండాలి. రోజూ ప్రార్థనకు పావుగంట వెలిగిస్తే 2026లో మొదటిది 26 రోజులు, అంటే ఆరున్నర గంటలు కాలుతుంది. నాలుగోది అయిదు రోజులు, గంటంబావు. కిరాణా కొట్టు సన్న కొవ్వొత్తి అంత కాలం ఆగదు. నాలుగూ మెట్లుమెట్లుగా పొట్టివైతే లెక్క సరిగా సాగుతున్నట్టు. వంకరగా కరిగితే పైన ఫ్యాను తిరుగుతోందని అర్థం. డిసెంబర్ చలిలో పావుగంట ఆపితే నష్టం లేదు. ఊదావి దొరక్కపోతే తెల్లవాటి అడుగున ఇసుక పైకి రెండు వేళ్ల ఎత్తులో ఊదా రిబ్బను కట్టండి, జనరల్ బజార్‌లో మీటర్ల లెక్కన అమ్ముతారు. ఇంకా పైకి కడితే మొదటి కొవ్వొత్తి కరిగి మంట రిబ్బనుకు చేరుతుంది.

తెల్లది 24 రాత్రి వెలిగించాలి. పాకలో బాలయేసు బొమ్మను పెట్టేదీ అప్పుడే. అంతవరకు తొట్టి ఖాళీగానే ఉంటుంది. బాలయేసును చూడవచ్చిన జ్ఞానుల బొమ్మలను మాత్రం దూరంగా, గదికి ఆ మూలన నిలబెట్టి ఉంచండి, వాళ్ల పండగ జనవరి 6.