ఎర్రనీటికి ఉడికే పప్పు, తేటనీటికి మాడే గీజరు

మాది నరసాపురం దగ్గర, వశిష్ట గోదావరికి కొద్ది దూరంలో ఉన్న పల్లెటూరు. కాలవల్లో నీరున్నన్నాళ్లూ పంచాయతీ కుళాయికి లోటుండదు. దాళ్వా కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు కనుక, తిరిగి నీరు వదిలేదాకా మంచినీళ్ల చెరువులో నింపి ఉంచినదాన్నే ఊరంతా పొదుపుగా వాడుకోవాలి. ఆ ఎద్దడికి తట్టుకోలేక పెరట్లో బోరు వేయించాము. వేసవికని వేసినదే అయినా, మీట నొక్కితే మేడమీది ట్యాంకు నిండిపోయే సుఖానికి అలవాటుపడి, క్రమంగా వంటకు తప్ప అన్నిటికీ ఏడాది పొడవునా బోరు నీరే వాడసాగాము. పైగా ఆ నీరు అద్దంలా తేటగా ఉంటుంది. వరదల రోజుల్లో కుళాయిలో వచ్చే ఎర్రని కొత్తనీటితో పోల్చి చూసి మురిసిపోయేవాళ్లం.

మూడో ఏడు సంక్రాంతికి, ఇంటినిండా చుట్టాలుండగా గీజరు ఆగిపోయింది. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి మెకానిక్కు ఆ మర్నాడు వచ్చాడు. అతను అడుగు మూత విప్పి లాగితే, బయటికి వచ్చింది ఎలిమెంటని చెబితే తప్ప తెలియలేదు. సున్నం మెత్తిన చెరకు ముక్కలా వేలెడు లావున ఉంది. స్క్రూడ్రైవరుతో తడితే నత్తగుల్ల పెంకుల్లా పెచ్చులు ఊడిపడ్డాయి. ఒక పెచ్చు మీద నిమ్మరసం పిండితే బుసబుసమని పొంగింది. “ఉప్పునీళ్లండీ బాబూ, మనవైపు ఇంతేనండి” అని అతను తేల్చేశాడు. నిజానికి ఆ పెచ్చు ఉప్పు కాదు. ఉప్పే అయితే నీటిలో కరిగిపోయేది కాని, రాయిలా పట్టేది కాదు.

అది కాల్షియం కార్బనేటు. మన పెద్దలు గుల్లసున్నం కోసం కాల్చిన గుల్లల్లో ఉండేదీ అదే. వాననీరు నేలలో ఇంకుతూ బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, మట్టిలోని సున్నపు పదార్థాన్ని బైకార్బనేటుగా కరిగించుకుంటుంది. వేడి తగలగానే ఆ వాయువు విడిపోయి, కరిగినది మళ్లీ రాయిగా మారి, అన్నిటికన్నా వేడిగా ఉన్న ఎలిమెంటునే పట్టుకుంటుంది. ఆ పొర వేడిని నీటికి సరిగా చేరనివ్వదు కనుక కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది, నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, చివరికి లోపలి తీగ తన వేడికి తానే మాడిపోతుంది.

ఉప్పదనం వేరు, ఇలా కాల్షియం వంటివి కరిగి ఉండటంవల్ల వచ్చే కఠినత్వం వేరు అన్న సంగతి నాకు అప్పటికి పుస్తకంలో చదివిన మాట మాత్రమే. ఇంట్లో ఉన్న టీడీఎస్ మీటరు ఈ రెంటినీ విడదీయలేదు. నీటిగుండా విద్యుత్తు ఎంత ప్రవహిస్తోందో కొలిచి, దాన్నిబట్టి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనాగా చూపిస్తుంది. అందుకని కఠినత్వం కొలిచే చుక్కల మందు తెప్పించాను. గాజు గొట్టంలోని నీరు మొదట ఎర్రగా మారుతుంది. అది నీలంగా తిరిగేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. నేను తెప్పించిన దానిలో చుక్కకు లీటరుకు 20 మిల్లీగ్రాముల లెక్క. కుళాయి నీటికి 6 చుక్కలు పట్టాయి, బోరు నీటికి 27. అంటే 120, 540. తాగునీటికి భారతీయ ప్రమాణం 200 దాకా మంచిదంటుంది, వేరే ఆధారం లేనిచోట 600 వరకు ఒప్పుకుంటుంది. తరవాత కుళాయి నీటిలో చిటికెడు ఉప్పు కలిపి చూశాను: మీటరు అంకె అమాంతం ఎగబాకింది, చుక్కలు మాత్రం ఆరే.

ఇదంతా విని మా అత్తగారు నవ్వారు. బోరు నీటితో కందిపప్పు ఎంతసేపు పెట్టినా బద్ద బద్దగానే ఉంటుందని, కాలవ నీటికైతే మెత్తగా ఉడుకుతుందని ఆవిడకు నా చుక్కల మందు చెప్పాలా? పప్పులోని పెక్టిన్‌ను కాల్షియం బిగించి పట్టుకోవడమే దానికి కారణం. ఎర్రగా వచ్చే వరదనీటిని పటిక తిప్పి తేర్చి వండినా పప్పు ఉడికేదని ఆవిడ అంటారు. పటిక బురదను దింపుతుందే తప్ప కఠినత్వాన్ని తగ్గించదు. ఆ నీరు మొదటినుంచీ మెత్తనిదే.

అలాగని ఉప్పు నిర్దోషి కాదు. ఎలిమెంటు పక్కనే మెగ్నీషియం రాడ్డు ఒకటి ఉంటుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోవడమే దాని పని. నీటిలో ఉప్పు పెరిగితే అది త్వరగా అరుగుతుంది, తరవాత వంతు ట్యాంకుది. మా గీజరులో రాడ్డు పోయి ఇనప తీగ మిగిలింది.

వాషింగ్ మిషన్ సంగతి కొంత నయం. నీళ్లు వచ్చే గొట్టం దగ్గరి జల్లెడ పూడిపోయింది, తెల్లబట్టలు బూడిదరంగు తిరిగాయి, నురగ రాదని పొడి రెట్టింపు వేస్తూ వచ్చాము. తాగునీటి ఆర్వో మిషన్‌లో నీటిని వడకట్టే పొర పూడుకుపోతుంది కాబట్టి దానికి బోరు నీరు పెట్టడం మానేశాము.

నీటిని మెత్తబరిచే యంత్రం ధర అడిగి వెనక్కి తగ్గాను. అది కాల్షియాన్ని పట్టుకొని బదులుగా సోడియాన్ని వదులుతుంది కనుక ఎలిమెంటును కాపాడుతుంది కాని ఉప్పును తగ్గించదు. ఆ నీరు మల్లెమొక్కలకు పోయడానికి నాకు మనసొప్పలేదు. దానికన్నా ప్లంబరును పిలిచి, మేడమీద చిన్న ట్యాంకు విడిగా పెట్టించి, దానికి కుళాయి నీరు ఎక్కించి, గీజరుకు, వాషింగ్ మిషన్‌కు అక్కడినుంచే గొట్టం వేయించాను. గీజరు వేడిని 50 డిగ్రీలకు దించాను. వేడి తగ్గినకొద్దీ సున్నం పట్టడమూ తగ్గుతుంది. కాలవలు కట్టేసిన నెలల్లో తప్పనిసరై బోరు నీరు మళ్లించినా, ఆ ఎండల్లో గీజరు వేసేవారెవరూ లేరు. మిషన్‌కు మాత్రం ఆ రోజుల్లో నెలకోసారి నిమ్మ ఉప్పు వేసి, బట్టలు లేకుండా వేడినీటితో తిప్పుతున్నాము.

మొన్న పండగ ముందే అదే మెకానిక్కును పిలిపించి గీజరు విప్పించాను. ఎలిమెంటు మీద గోటితో గీకితే ఊడే పలచని తెల్లపొర ఉంది, రాడ్డు సగం అరిగింది. ఇంకో ఏడాది లాగుతుందని అతనన్నాడు కాని, నేను వినకుండా కొత్త రాడ్డు వేయించాను.