నైరుతి మూల నుంచి అర్థమైన శాంప్లింగ్

అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రులకు, నాకు చాలాకాలం కొరుకుడు పడని శాంప్లింగ్ (మొత్తం బదులు కొంత భాగాన్ని ఎంచి పరిశీలించడం) అధ్యాయం గురించి చెబుతాను. మొదటి ప్రయత్నంలో నిర్వచనాలన్నీ కంఠతా పట్టాను గానీ, ప్రశ్నను కాస్త తిప్పి అడిగేసరికి స్ట్రాటిఫైడ్‌కూ క్లస్టర్‌కూ (శాంపిల్ ఎంచే రెండు పద్ధతులు) తేడా తేల్చుకోలేక మార్కులు పోగొట్టుకున్నాను.

ఆ ఏడాది కోతల కాలంలో, నరసన్నపేట దగ్గరి మా ఊళ్లో, చిన్నాన్న వరిచేను దిగుబడి అంచనా కట్టే పంటకోత ప్రయోగానికి ఎంపికైంది. "బాబూ, కాలవ పక్కన కొయ్యండి, అక్కడ గింజ గట్టిగుంది" అని చిన్నాన్న అడిగాడు. వచ్చిన అధికారి అందుకు ఒప్పుకోలేదు. చేను నైరుతి మూలలో నిలబడి, యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం పొడవునా, వెడల్పునా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఆగినచోట మేకు దిగ్గొట్టించి, 5 మీటర్ల భుజంతో చదరంగా తాడు కట్టించారు; అందులో సగం పడిపోయిన పైరే వచ్చినా దాన్నే కోయించి, నూర్పించి, తూకం వేయించారు. కాలవ పక్కన కోసి ఉంటే అది జడ్జ్‌మెంట్ శాంప్లింగ్ (మన ఇష్టప్రకారం ఎంచడం) అయ్యేది. ఎంపికకు సంభావ్యత తెలియని చోట స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా ఎంత తప్పొచ్చో చెప్పే కొలత) కట్టడానికి ఆధారమే ఉండదని నాకు ఆ గట్టు మీదే బోధపడింది.

ఇక స్ట్రాటిఫైడ్, క్లస్టర్ తేడా సంగతి. వంశధార ఆయకట్టు గ్రామాలు ఒక స్ట్రాటం (ఒకే తరహా యూనిట్ల వర్గం), మెట్ట గ్రామాలు మరొకటి అనుకోండి. ఒక్కో స్ట్రాటం లోపల దిగుబడులు దగ్గరదగ్గరగా ఉంటాయి, రెండింటి మధ్య అంతరం ఎక్కువ. అందుకే ప్రతి స్ట్రాటం నుంచీ కొన్ని యూనిట్లు తీసుకుంటాం. క్లస్టర్ పద్ధతిలో కొన్ని గుంపులనే ఎంచుకుని వాటిలోని యూనిట్లన్నీ లెక్కిస్తాం కనుక, ఒక్కో గుంపు లోపలే అన్ని రకాలూ ఉండడం మేలు.

శాంపిల్‌ను స్ట్రాటమ్‌లకు పంచే నేమన్ కేటాయింపును మాత్రం చేత్తో లెక్క కట్టి చూడండి. ఆయకట్టులో 600 పొలాలు, మెట్టలో 400; దిగుబడి ప్రామాణిక విచలనాలు (హెచ్చుతగ్గుల కొలత) 5, 15; శాంపిల్ 60. అనుపాత కేటాయింపులో (పొలాల సంఖ్యను బట్టి పంచితే) 36, 24 వస్తాయి. నేమన్ పద్ధతిలో పరిమాణాన్ని విచలనంతో గుణిస్తే 3000, 6000; ఆ నిష్పత్తిలో 60ని పంచితే 20, 40. వర్షాధారమైన మెట్ట పొలాల్లో దిగుబడి ఎక్కువగా మారుతుంది గనుక, సంఖ్యలో తక్కువైనా వాటికే ఎక్కువ వాటా దక్కింది. ఈ కారణాన్ని ఒక వాక్యంలో రాయకుండా సూత్రం మాత్రమే రాసి వదిలేయకండి.

సిస్టమాటిక్ శాంప్లింగ్‌కు (జాబితాలో సమాన దూరంలో ఒక్కొక్కటి తీసుకోవడం) నేను ఎక్కువ సమయం ఇవ్వలేదు. సమష్టిలో (మొత్తం యూనిట్లలో) సరళరేఖా ధోరణి (విలువలు వరుసగా ఒకే తీరున పెరగడం లేదా తగ్గడం) ఉంటే సగటు అంచనాకు స్ట్రాటిఫైడ్ విస్తృతి (వేరియన్స్, అంటే అంచనాలోని హెచ్చుతగ్గు) తక్కువ, తర్వాత సిస్టమాటిక్, ఆపైన సింపుల్ ర్యాండమ్ (లాటరీలా ఎంచడం). ఈ వరుసను నిరూపణతో సహా ఒకసారి రాసుకున్నాను.