ప్రిన్స్ మెగాహిట్

మొన్న ఆదివారం మారతహళ్లిలో అక్కావాళ్ళింటికి భోజనానికి వెళ్ళా. మధ్యాహ్నం పట్టుకున్న వాన సాయంత్రమైనా వదల్లేదు, ఈ వానలో బండి తీస్తే ఏ బ్రిడ్జి కింద ఇరుక్కుంటావో, ఉండిపోరా అంది అక్క. సరే అని కూర్చుంటే మేనల్లుడొచ్చి మామయ్యా ఏదైనా ఫైటింగ్ సినిమా పెట్టు అన్నాడు, నేనూరుకోకుండా 2010లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా పెట్టా.

నాకు ఆ పేరు వింటే సినిమా కాదు, ఒంగోల్లో కంప్యూటర్ సెంటర్ గుర్తొస్తుంది. ఇంటర్ సెలవుల్లో నాన్న టైపింగ్ నేర్చుకోమని చేర్పిస్తే నేను నేర్చుకున్నది 1989 నాటి ఆ పాత గేమే. తెల్లబట్టల కుర్రాడు, నేలలోంచి పొడుచుకొచ్చే ఇనప మేకులు, షిఫ్ట్ నొక్కి అడుగులో అడుగేస్తే ఏమీ కాదు, పరిగెత్తావా గుచ్చుకుని పోతావ్. మా సిస్టమ్‌లో షిఫ్ట్ కీ బండబారిపోయి గట్టిగా అదిమితే తప్ప పడేది కాదు, అందుకని నేను బాణం కీలు, మా శీనుగాడు రెండు బొటనవేళ్ళతో షిఫ్ట్. రాకుమారిని కాపాడ్డానికి 60 నిమిషాలే టైం, చచ్చినా లెవెల్ మొదటికొస్తుంది గానీ పోయిన టైం రాదు. డాస్‌లో, అంటే అప్పట్లో కమాండ్‌లు టైప్ చేసే నల్ల తెర మీద, 'ప్రిన్స్ మెగాహిట్' అని కొట్టి మొదలెడితే చీట్‌లు, అంటే గేమ్‌లో దొంగదారులు, పనిచేస్తాయని ఎవడో చెప్పాడు, మాకది చిరంజీవి పోస్టర్ మీద మాటలా ఉండేది.

సినిమా బానే ఉంది, టైంపాస్. హీరో జేక్ జిలెన్‌హాల్ గోడలెక్కి దూకుతుంటే చూడబుద్ధేస్తుంది. ఆ గేమ్ చేసిన జోర్డాన్ మెక్నర్ అప్పట్లో వాళ్ళ తమ్ముడికి తెల్లబట్టలేసి పరిగెత్తించి దూకించి వీడియో తీసి, ఫ్రేమ్ ఫ్రేమ్ చూసి బొమ్మలు గీశాడు, అందుకే ఆ చిన్న బొమ్మలో కూడా మనిషి బరువు తెలిసేది. ఇక సినిమాలో ఆల్‌ఫ్రెడ్ మొలీనా పన్నుల మీద ఏడుస్తూ ఆస్ట్రిచ్ పందేలు వేస్తుంటాడు, మనకి సంక్రాంతి కోళ్ళెలాగో ఆయనకవి అలాగ, మావాడు ఆ సీన్ రెండుసార్లు పెట్టించాడు. బెన్ కింగ్‌స్లీ కనపడగానే వీడే విలన్ మామయ్యా అని తేల్చేశాడు, ఏం చెప్తాం.

నా బాధ వేరే. ఈ సినిమాకి మూలం 2003లో వచ్చిన శాండ్స్ ఆఫ్ టైమ్ గేమ్. అందులో ప్రిన్స్ మన దేశపు మహారాజు కోట మీద పడి టైం వెనక్కి తిప్పే బాకు కొట్టేస్తాడు, వజీరు మాట నమ్మి మాయ ఇసుక గడియారం తెరుస్తాడు, సొంత తండ్రితో సహా అందరూ ఇసుక దెయ్యాలైపోతారు. ఆ మహారాజు కూతురు ఫరానే పక్కనుంచి సాయం చేస్తుంటుంది, వీడికేమో లోపల తప్పు తొలిచేస్తుంటుంది. సినిమాలో ఇండియా ఎగిరిపోయింది, అలాముత్ అని ఇంకో నగరం, ఇంకో రాకుమారి, తండ్రి చావుకి వీడికి సంబంధమే లేదు, పాపం ఎవరో విషం పూసిన అంగీ ఇప్పించారు. తప్పు చేసినోడు కాస్తా నింద పడినోడయ్యాడు. కథకి క్రెడిట్ కూడా మెక్నర్‌దే, ఇక ఎవర్ని తిట్టుకోను?

పైగా ఆ బాకు. గేమ్‌లో దూకడం తప్పేదీ మన వేలే, టైం వెనక్కి తిప్పేదీ మన వేలే. సినిమాలో బాకు పిడి చివర రాయి వాళ్ళే నొక్కుకుంటారు, నేను సోఫాలో పకోడీ పట్టుకుని చూస్తుంటా.

అయిపోయాక మావాడు ఆ పాత గేమ్ చూపించమన్నాడు. ల్యాప్‌టాప్‌లో తెరిచిచ్చా, నేరుగా పరిగెత్తి మేకుల మీద పడ్డాడు. మళ్ళీ పడ్డాడు. చివరికి బాణం కీలు వాడు, షిఫ్ట్ నేను. మూడో లెవెల్లో అస్థిపంజరం లేచేసరికి కెవ్వుమన్నాడు, దాన్ని చంపలేం, కొట్టుకుంటూ వెనక్కి నెట్టి గోతిలో పడెయ్యాలిరా అని చెప్తుంటే లోపల్నుంచి అక్క అన్నం చల్లారిపోతోందని మూడోసారి కేకేసింది.