అత్తమ్మ మడమలు

దీపావళి దాటిందంటే మా ఇంట్లో అందరి చేతులూ కాళ్లూ తెల్లబడతాయి. గోరుతో గీస్తే గీత పడుతుంది. మాది ఆదిలాబాద్ దగ్గర పల్లె. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున చలి 10 డిగ్రీల లోపుకు దిగిపోతుంది. పత్తి ఏరే పని కూడా ఆ రోజుల్లోనే. ఎండిన కాయ డొప్పల కొనలు వేళ్లకు గీసుకుంటాయి, పగిలిన చర్మానికి దూది పోగులు అంటుకుంటాయి. ఇంటికొచ్చి ఆ చేత్తోనే అన్నంలో కారం కలుపుకుంటే ఎలా మండుతుందో ఏరినవాళ్లకు తెలుసు.

మూడేళ్ల క్రితం, సంక్రాంతికి ముందు, వంటింటి గచ్చు మీద చిన్న ఎర్రటి మరక కనిపించింది. కుంకుమ పడిందనుకుని తుడిచాను. రెండడుగుల అవతల ఇంకొకటి, గడప దగ్గర మరొకటి. అత్తమ్మను కూర్చోబెట్టి కాలు ఎత్తి చూస్తే కుడి మడమ నిలువునా చీలి ఉంది.

"నొప్పి లేదా అత్తమ్మా?"

"ఏం నొప్పి లేదు బిడ్డా. చలికాలం అందరికీ పగుల్తయి."

నొప్పి లేదన్న మాటకే నాకు భయమేసింది. ఆమెకు పన్నెండేళ్లుగా షుగర్. అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చాయి. గట్టిపడిన తోలును బ్లేడుతో కోసుకుందట. రోజూ కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లలో కాళ్లు పెట్టుకుంటోందట.

డాక్టరు గారు చెప్పాక అసలు సంగతి అర్థమైంది. షుగర్ చాలాకాలం ఉంటే పాదాల నరాలు దెబ్బతింటాయి. స్పర్శ తగ్గుతుంది. చెమట పట్టించేవీ నరాలే కాబట్టి పాదానికి చెమట కూడా తగ్గి చర్మం ఇంకా ఎండుతుంది. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో కాలికి తెలియదు, చీలిక ఎంత లోతో తెలియదు. ఆ చీలికలో చీము పడితే కాలికే ముప్పు. చాలా రోజులు కట్లు కట్టించాం. ఆ రోజుల్లో నాకు నిద్ర లేదు. ఒకే ఇంట్లో ఉంటూ ఆమె పాదాలు ఎందుకు చూడలేదా అని ఇప్పటికీ బాధపడతాను.

అప్పటి నుంచి కార్తీకం రాగానే మా ఇంటి పద్ధతి మారుతుంది. స్నానానికి గోరువెచ్చని నీళ్లే, అత్తమ్మ నీళ్లు నేను మోచేత్తో చూశాకే. బాగా వేడినీళ్లు, సబ్బు కలిసి చర్మంలో ఉండే జిడ్డును కడిగేస్తాయి, ఆ జిడ్డు పోతే లోపలి తేమ గాలికి ఎగిరిపోతుంది. అందుకని సబ్బు చంకలకు, గజ్జలకు, మట్టి అంటిన చోట మాత్రమే. తుడుచుకోవడం కూడా రుద్దకుండా, తువ్వాలుతో అద్దుకోవడమే. ఒళ్లు ఇంకా కాస్త తడిగా ఉండగానే కొబ్బరినూనె గానీ వాసెలిన్ గానీ రాయాలి. మేము ఇన్నాళ్లూ ఒళ్లు పూర్తిగా ఆరి, చర్మం చరచరలాడాక రాసేవాళ్లం. జిడ్డు పని ఉన్న తడిని ఆపడం, ఆరిపోయాక ఆపడానికి ఏముంటుంది? కొబ్బరినూనె ఈ చలికి సున్నంలా గడ్డకడుతుంది, కాబట్టి సీసా పొద్దున్నే ఎండలో పెడతాను.

ఆదివారం నలుగు మానలేదు, పిల్లలకు అదంటే ఇష్టం. కానీ సున్నిపిండితో నూనెంతా పోయేదాకా తోమి వదిలేయం, స్నానమయ్యాక మళ్లీ పల్చగా రాస్తాం.

మడమలకు మాత్రం నూనె చాలదు. గాయం మానాక డాక్టరు గారు యూరియా కలిసిన క్రీము రాసిచ్చారు. పొలానికి చల్లే యూరియానా అని అత్తమ్మ బెదిరిపోయింది. మన చర్మంలో కూడా సహజంగా ఉండే పదార్థమేనని, తేమను పట్టి ఉంచి గట్టి తోలును మెత్తబరుస్తుందని చెప్పాక ఒప్పుకుంది. పచ్చి చీలిక మీద రాస్తే మండుతుంది, అందుకే మానేదాకా ఆగాలి. రాత్రి క్రీము రాసి, పైన వదులైన నూలు సాక్సు తొడుగుతాను. వేళ్ల సందుల్లో రాయను, అక్కడ తడి నిలిస్తే ఒరుస్తుంది. బ్లేడు ఇంట్లోంచే తీసేశాను.

మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే ఈ రాత్రే వాళ్ల పాదాలు వెలుతురులో చూడండి. నొప్పి ఉందా అని అడిగి ఊరుకోవద్దు. చీలిక కనిపిస్తే పసుపు అద్ది చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నిన్న రాత్రి ఫోను లైటు వేసి చూశాను. అత్తమ్మ కుడి మడమ నున్నగా ఉంది. ఎడమ దాని అంచున సన్నటి గీత ఒకటి మొదలైంది, రేపటి నుంచి పత్తిచేనుకు బూట్లు వేసుకుని రమ్మన్నాను.