శ్రీశైలం గేట్లు, ట్రాఫిక్ జామ్, ఓ పవర్‌హౌస్ పెద్దాయన

శ్రీశైలం గేట్లెత్తారని టీవీలో వస్తే చాలు, హైదరాబాద్‌లో సగం జనం మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర తేలతారు. ఆ సంగతి తెలిసీ అమ్మ ఆదివారమే బయల్దేరదీసింది. పైకి చెప్పేది మల్లన్న దర్శనం, అసలు పని గేట్లు చూడ్డం.

దోమలపెంట దాటాక బస్సు ఆగిపోయింది. ఘాట్ మలుపుల్లో కార్లు ఎక్కడపడితే అక్కడ ఆపేసి, పిట్టగోడలెక్కి ఫోటోలు తీసుకుంటున్నారు. కాల్చిన కంకి ఒక్కోటి యాభై రూపాయలు! మా ఊళ్లో చేనుగట్టు మీద నిలబడి అడిగితే నాలుగు విరిచి ఊరికే చేతిలో పెడతారు. చిరాకుపడుతూనే రెండు కొన్నాను. డ్రైవర్ ఇంజన్ కట్టేసి, తలకింద తువ్వాలు పెట్టుకుని పడుకున్నాడు.

కిటికీలోంచి తెల్లటి తుంపర కనబడేసరికి అమ్మకి ప్రాణం లేచొచ్చింది. "అన్ని నీళ్లంటే ఎంత కరెంటు వస్తుందో!" అంది.

"ఆ నీళ్లకి ఒక్క బల్బు కూడా వెలగదమ్మా" అన్నారు వెనక సీట్లోంచి ఎవరో.

సున్నిపెంట పెద్దాయన. కుడిగట్టు పవర్‌హౌస్‌లో మెకానికల్ పనిచేసి రిటైరయ్యారట. గేట్ల మీంచి దూకేవి మిషన్లకి పోగా మిగిలిన వరద నీళ్లనీ, కరెంటిచ్చే నీళ్లు పెన్‌స్టాక్ గొట్టాల్లోంచి చప్పుడు లేకుండా వస్తాయనీ చెప్పారు. నాకు ఒళ్లు మండింది. ఇంత జామ్‌లో ఇరుక్కుని చూడబోయేది పనికిరాని నీళ్లనా?

అడిగితే ముందుకి వంగి, ఎడమచేతి పిడికిలి బిగించి చూపించారు. అది రన్నర్, అంటే నీళ్లకి తిరిగే చక్రం. కుడిచేతి వేళ్లు దాని చుట్టూ నిలబెట్టారు. అవి గైడ్ వేన్లు. పెన్‌స్టాక్‌లోంచి వచ్చిన నీళ్లు నత్తగుల్లలా చుట్టుకున్న కేసింగ్‌లో తిరిగి, ఆ వేన్ల సందుల్లోంచి నాలుగువైపులా రన్నర్ మీదకి వస్తాయి. రెక్కలు ఒంపుగా ఉంటాయి కాబట్టి వాటిని తోస్తూ దారి మళ్లి, సత్తువంతా అక్కడ వదిలి, నడిమధ్య నుంచి కిందకి జారిపోతాయి. రన్నర్ షాఫ్టు పైన జనరేటర్. దీన్నే ఫ్రాన్సిస్ టర్బైన్ అంటారు.

"ఊళ్లో లోడ్ పెరిగితే మిషన్ బరువెక్కి నెమ్మదించబోతుందమ్మా. అప్పుడు గవర్నర్, అంటే స్పీడు కాపాడే పరికరం, ఇదిగో, ఇలా" అంటూ వేళ్లు కాస్త విప్పారు. "తగ్గితే ఇలా." మూశారు. గ్రిడ్, అంటే అన్ని పవర్‌హౌస్‌లూ కలిసే కరెంటు లైన్లు, సెకనుకి 50 సైకిల్స్ దగ్గర నిలవాలంటే ఆ వేళ్లు కదులుతూనే ఉండాలి.

తర్వాత నా టికెట్ వెనక లెక్క రాశారు. ఇక్కడ నిండుమట్టం 885 అడుగులు, కింద సాగర్‌ది 590. తేడా 295, అంటే దాదాపు 90 మీటర్లు. ఆ ఎత్తు నుంచి వెయ్యి క్యూసెక్కులు దిగితే, నష్టాలు పోను, 22 మెగావాట్ల పైచిలుకు. 110 మెగావాట్ల మిషన్‌కి 5 వేల క్యూసెక్కులు కావాలి. కుడిగట్టున అలాంటివి 7. ఒక్క గేటు 10 అడుగులు లేపితే పోయేది దాదాపు 27 వేలు, అంటే ఐదు మిషన్ల తిండి! జూరాలలో ఇంత ఎత్తు లేదు కాబట్టి అక్కడ ఓడ ప్రొపెల్లర్ లాంటి రకం పెట్టారన్నారు.

ఎడమగట్టు సంగతి వింటే మా పొలంలో బోరు మోటారు గుర్తొచ్చింది. అది కరెంటు తిని నీళ్లు పైకి తోస్తుంది. ఎడమగట్టు భూగర్భంలో ఉన్న 6 మిషన్లు, ఒక్కోటి 150 మెగావాట్లు, రెండు పనులూ చేస్తాయి. కరెంటు కావాలంటే ఒకవైపు తిరుగుతాయి, గ్రిడ్‌లో మిగిలిపోతే ఎదురు తిరిగి సాగర్ వెనక నీళ్లని మళ్లీ పైకి తోడతాయి. 2020 ఆగస్టులో మంటలు చెలరేగి తొమ్మిది మంది పోయింది అక్కడే. ఆ మాటొచ్చాక ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. మేమూ కదపలేదు.

బస్సు వంతెన మీదకొచ్చేసరికి అందరూ ఒకవైపు కిటికీలకి ఎగబడ్డారు. పెద్దాయన మాత్రం కుడిగట్టు పవర్‌హౌస్ కింద సుడులు తిరుగుతూ బయటికొస్తున్న నీళ్లు చూపించి, "మన కరెంటు చేసినవి అవీ" అన్నారు. నిజం చెప్పొద్దూ, నా కళ్లు మాత్రం గేట్ల మీదే ఉన్నాయి.

లింగాలగట్టులో చేపల వేపుడుకి అమ్మ చూపు కూడా దక్కలేదు, దర్శనమయ్యేదాకా నీచు తగలకూడదట. దర్శనం క్యూ సంగతి చెప్పుకోడానికేం లేదు.

ఇంటికొచ్చాక పక్కింటి పిన్నిగారు గేట్ల వీడియో చూసి "అబ్బ, పాలనురగే!" అని మురిసిపోతుంటే, "గేటుకి ఐదు మిషన్ల నీళ్లు వేస్టు పిన్నిగారూ" అంది అమ్మ, టికెట్ తీసి చూపిస్తూ.